దుప్పటి అడగని గులాబీ

మంచు మైదానంలో ఉన్న మా ఊరు జొలోతాలో ఎవరింటికి వెళ్ళినా ముందు బీట్‌రూట్ చారు పోస్తారు, తరవాత చలిని తిడతారు, ఆ పైన తెక్లా సంగతెత్తి నవ్వుతారు. ఎదురుగా నవ్వినా ఆవిడేమీ అనుకోదు. "నవ్వండి, నవ్వండి. ఒళ్ళు వెచ్చబడి కట్టెలు మిగుల్తాయి," అంటుంది.

నవ్వడానికి కారణం లేకపోలేదు. తెక్లాకి పుట్టుకతోనే ఒక జబ్బు ఉంది. ఏ సంగతైనా అలా ఉంది అంటే సరిపోదు, ఎందుకలా ఉందో తేలాలి. చిన్నప్పుడు బైబిలు పాఠంలో లేచి నిలబడి, "ఫాదర్, జలప్రళయంలో చేపల్ని ఎవరు శిక్షించినట్టు?" అని అడిగి చెవి మెలిపెట్టించుకుంది. పెళ్ళిచూపులకి వచ్చిన ఓరెస్ట్‌ని, "మీ ఆవు ఎడంవైపు నించి పాలు పిండితే తన్నుతుందిటగా, ఎందుకని?" అని అడిగింది. ఓరెస్ట్ రాత్రంతా ఆలోచించి, తెలీదని చెప్పడానికి మర్నాడు మళ్ళీ వచ్చాడు. అలా కుదిరింది ఆ సంబంధం. ఆవు మాత్రం చచ్చేదాకా తన్నుతూనే ఉంది.

గులాబీల పిచ్చి ఆవిడది కాదు, వాళ్ళమ్మ పరాస్కాది. ప్రతి మే నెలలోనూ పరాస్కా దగ్గరి పట్నం యార్క్‌టన్ బజారుకెళ్ళి అట్టపెట్టెలో మైనం పూసిన గులాబీ మొక్క ఒకటి తెచ్చేది. పెట్టె మీద బొమ్మలో పువ్వు క్యాబేజీ అంత ఉండేది. ఇంటి దక్షిణపు గోడకి ఆనించి, పెట్టె మీద రాసినట్టే నాటేది. ఎండాకాలమంతా అది పూసేది. దారిన పోయేవాళ్ళు బళ్ళాపి మరీ వాసన చూసేవాళ్ళు. చలికాలం వచ్చేసరికి పరాస్కా గడ్డి కప్పేది, గోనె చుట్టేది, మొగుడి పాత కోటు తొడిగేది. వసంతంలో విప్పి చూస్తే బొగ్గు.

"ఏమే, చుట్టాలు ఈ ఏడూ వెళ్ళిపోయారా?" అనేవాడు తెక్లా వాళ్ళ నాన్న.

"వెళ్ళిపోతే పోనీ. ఎంతేసి పూలు పూసేదో తెలుసా? ఉంటేనా ఈ ఏడు గోడంతా పాకేది," అనేది పరాస్కా. చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అన్నారా!

ఒక్క ఏడు మాత్రం చచ్చిందనుకున్న మొక్క మొదట్లోంచి చిగుళ్ళేసింది. పరాస్కా సంబరం అంతా ఇంతా కాదు. ఊళ్ళో ఆడవాళ్ళందరినీ పిలిచి చూపించింది. జూలైలో పువ్వొచ్చింది. క్యాబేజీ అంతా కాదు, నిమ్మకాయంతా కాదు. చిన్న చిన్న ముదురెరుపు పూలు, వాసన లేదు, ముళ్ళు మాత్రం బోలెడు.

"మనసు మార్చుకుంది పాపం. చలికి బెదిరిపోయింది," అని సర్దిచెప్పుకుంది పరాస్కా.

ఇంకో పిల్లయితే ఊరుకునేది. తెక్లా పార పట్టుకుని మొదలు తవ్వింది. మట్టిపైన వేలి కణుపంత బొడిపె ఒకటి కనిపించింది. బొడిపె పైనున్న కొమ్మలన్నీ ఎండు పుల్లలు. చిగుళ్ళన్నీ బొడిపె కిందినించి వచ్చినవే.

"అమ్మా, ఇందులో ఇద్దరున్నారే! పైనావిడ చచ్చిపోయింది. కింద మోసినావిడ బతికింది. ఇవి ఆవిడ పూలు."

"డబ్బులిచ్చి కొన్నది పైనావిణ్ణి. కిందావిడ నాకెందుకు?" అని పరాస్కా పార లాక్కుంది.

అంటు మొక్కని నాటేటప్పుడు ఆ బొడిపె జానెడు లోతున మట్టిలో ఉండాలనీ, పెట్టె మీద రాసింది ఎక్కడో వెచ్చటి ఊళ్ళవాళ్ళ కోసమనీ జొలోతాలో అప్పటికి ఎవరికీ తెలీదు. ఆ పెట్టె మాట నమ్మి మా ఊళ్ళో ఎన్ని గులాబీల్ని చంపుకున్నామో! తెక్లాకి మాత్రం ఆ రోజు నించీ ఒకటే ప్రశ్న పట్టుకుంది. కింద మోసినావిడ ఎందుకు బతికింది?

తెక్లాకి పెళ్ళయిన కొన్నేళ్ళకి, ఒక ఫిబ్రవరిలో పరాస్కా పోయింది. పోయే ముందు కూతుర్ని దగ్గరకి పిలిచి, "నా మీద ఒక గులాబీ పెట్టవే," అంది. తెక్లా తలూపింది. "పెట్టి, ప్రతి చలికాలం వచ్చి కప్పుతూ కూచోకు. నువ్వెన్నాళ్ళు కప్పుతావు? నా తరవాత నువ్వూ ఉండవు. ఎవరూ కప్పక్కర్లేనిది పెట్టు. లేకపోతే అసలొద్దు, గడ్డే నయం," అంది. ఆఖరి కోరికలోనూ బేరమాడింది మనిషి. తెక్లా ఏడుస్తూనే సరేనంది.

సరేనన్నాక గానీ తెలీలేదు ఎంత పెద్ద మాటిచ్చిందో. జొలోతా శ్మశానం గుడి వెనక గుట్ట మీద ఉంది. మామూలుగా మా మైదానంలో మంచే మొక్కలకి దుప్పటి. మంచులో మునిగిన కొమ్మ పచ్చగా బతుకుతుంది, పైకి తేలిన కొమ్మ నల్లబడి చస్తుంది; వసంతంలో ఏ గులాబీని చూసినా ఆ ఏడు మంచు ఎంత ఎత్తు పడిందో గీత గీసినట్టు తెలుస్తుంది. అందుకే ఊళ్ళో ఎవరు దారి ఊడ్చినా ఆ మంచు తీసుకెళ్ళి గులాబీల మీద పోస్తారు. మా వాళ్ళకది అలవాటు కాదు, దయ. గుట్ట మీద మాత్రం గాలి మంచుని నిలవనివ్వదు. జనవరిలో కూడా అక్కడ గడ్డి పరకలు కనిపిస్తాయి. సున్నాకి నలభై డిగ్రీల కింది చలి నేరుగా వచ్చి కొమ్మని కరుస్తుంది. బతికున్నవాళ్ళ పెరట్లోనే నిలవని గులాబీ, చచ్చినవాళ్ళ గుట్ట మీద ఏం నిలుస్తుంది?

తెక్లా బొడిపె లోతుగా పాతి ఒకటి నాటింది. చచ్చింది. ఇంకో రకం తెచ్చి నాటింది. అదీ చచ్చింది. మూడోదాని పుల్లలు పీక్కుని గుట్ట దిగుతుంటే రైలు కట్ట వెంట అడవి గులాబీలు కనిపించాయి. మోకాలెత్తు పొదలు, అయిదు రేకుల లేత గులాబీ పూలు. వాటికెవరూ గోనె చుట్టలేదు, కోటు తొడగలేదు. రైలింజను నిప్పురవ్వలకి కాలి, గడ్డి కోసేవాళ్ళ కొడవళ్ళకి తెగి, మేకలు మేసి, ఆ చలిలోనే అలాగే ఉన్నాయి. తెక్లా కట్ట మీద కూలబడి వాటికేసి చూస్తూ ఉండిపోయింది. రైలు కూత వేసినా లేవలేదు. డ్రైవరు తిట్టుకుంటూ పోయాడు.

ఆ వేసవిలోనే కట్ట మీది పొదలు కొన్ని మట్టిగడ్డలతో సహా పెరట్లోకి తెచ్చి మొదలెట్టింది. అడవి గులాబీ మొగ్గ విచ్చుకోకముందే రేకులు తుంచి, లోపలి పుప్పొడి కాడలు గిల్లేసి, బజారు గులాబీ పుప్పొడిని పిల్లల రంగుల కుంచెతో అద్దింది. తేనెటీగలు వచ్చి పని పాడుచేయకుండా తన పాత మేజోళ్ళు కత్తిరించి ఒక్కో మొగ్గకీ తొడిగింది. పెరటి నిండా మేజోళ్ళు తొడుక్కున్న పొదలు. అప్పట్నించే ఊరు నవ్వడం మొదలెట్టింది.

"పూలకి పెళ్ళిళ్ళు చేస్తోందిరా మా ఆవిడ. కట్నాల్లేవు, భోజనాల్లేవు, పెళ్ళికూతుళ్ళందరికీ ముసుగులు మాత్రం ఉన్నాయి," అనేవాడు ఓరెస్ట్ అందరితో.

ఓరెస్ట్ మంచివాడే. కానీ మంచివాళ్ళు చేసే నష్టం చెడ్డవాళ్ళకి చేతకాదు. ఆ శరదృతువులో గులాబీ కాయలు ఎర్రగా పండాయి. తెక్లా చెల్లెలి పురుడని ఊరెళ్ళి వచ్చేసరికి పొదలు బోడిగా ఉన్నాయి. వంటింట్లో పెద్ద గాజు జాడీ బుడబుడలాడుతోంది.

"సారా పెట్టాను. పిట్టలు తినకుండా నువ్వు మేజోళ్ళు కట్టి దాచినవే. ఎంత ముందుచూపే నీకు!" అన్నాడు ఓరెస్ట్ మురిసిపోతూ.

తెక్లా జాడీలోకి తొంగి చూసింది. ఏడాది పెళ్ళిళ్ళన్నీ జాడీలో తేలుతున్నాయి. క్రిస్మస్‌కి ఊరంతా ఆ సారా తాగి బ్రహ్మాండంగా ఉందన్నారు. తెక్లా కూడా ఒక గుక్క తాగి, "బావుంది. ఇంకోసారి కాయ ముట్టుకున్నావంటే నీ వేళ్ళకి మేజోళ్ళు తొడుగుతా," అంది.

మరుసటేడు మళ్ళీ మొదలెట్టింది. గింజల్ని తడి ఇసకలో కలిపి నేలమాళిగలో బంగాళాదుంపల పక్కన చలికాలమంతా ఉంచింది. ఆ చల్లదనం తగిలితేనే అవి కళ్ళు తెరుస్తాయి. మొలకలు వచ్చాయి. పూత కోసం ఏళ్ళు ఆగాలి, ఆగింది. పూసినవన్నీ అడవి తల్లి పోలికే, అయిదు రేకులు. ఇంత చేసి రైలు కట్టనే పెరట్లోకి తెచ్చానా అని ఒక రోజంతా ముసుగుతన్ని పడుకుంది. మర్నాడు లేచి, ఆ పిల్లల్లో కాస్త నయమనిపించినవాటికి మళ్ళీ బజారు గులాబీ పుప్పొడి అద్దింది. ఆ మనవరాళ్ళలో రేకులు మడతలు పడ్డవి వచ్చాయి, వాసన ఉన్నవి వచ్చాయి. అందంగా ఉన్నవన్నీ మొదటి చలికే పోయాయి. బతికినవన్నీ మొహమాటానికి కూడా బావున్నాయనలేనివి.

ఇక్కడే ఆవిడ జబ్బు పనికొచ్చింది. ఎవరు బతుకుతున్నారు, ఎవరు చస్తున్నారు అని ఏళ్ళ తరబడి చూసి ఒక సంగతి కనిపెట్టింది. చచ్చేవి సెప్టెంబరు చివరిదాకా చిగుళ్ళేస్తూ, మొగ్గలు తొడుగుతూ కులుకుతాయి. బతికేవి ఆగస్టు దాటగానే ఆకులు రాల్చి, కొమ్మలు ఎర్రగా గట్టిపరుచుకుని పడుకుంటాయి. అంతే! అప్పట్నించి పువ్వు చూసి మొక్కని ఎంచుకోవడం మానేసింది. ఆకు రాలడం చూసి ఎంచుకునేది. ఎండాకాలం చివర్లో ఎరువు వెయ్యడం, నీళ్ళు పొయ్యడం కూడా కట్టిపెట్టింది.

"నిద్దరపొయ్యే పిల్లకి పాయసం పెడతామా?" అనేది అడిగినవాళ్ళతో. అడిగేవాళ్ళు మాత్రం ఎవరున్నారు గనక!

అలా ఏరగా ఏరగా కొడుకు పెళ్ళయిన ఏటికి ఒక్క మొక్క మిగిలింది. ముదురు గులాబీ రంగు, లోపలికి పోయేకొద్దీ మడత మీద మడత, దగ్గరకి వెళ్ళకుండానే లవంగం వాసన. అందరికంటే ముందు ఆకు రాల్చేది అదే. పెరట్లో మంచు కప్పకుండా ఓ చలికాలం వదిలేస్తే కాస్త పుల్లలు ఎండినా బతికింది. కానీ పెరడు పెరడే. ఇల్లు అడ్డం, స్ప్రూస్ చెట్లు అడ్డం. గుట్ట గుట్టే. తెక్లా దాని కొమ్మలు ముక్కలు కోసి నాటింది. ఒక్కటి వేరు పట్టలేదు. ఎన్నిసార్లు పెట్టినా కుళ్ళిపోయాయి. మొండిది. ఉన్నది ఒక్కటే.

ఒక్కటే ఉన్నదాన్ని తీసుకెళ్ళి గుట్ట మీద పెట్టాలంటే చేతులు రాలేదు. పెడితే గానీ అది బతుకుతుందో లేదో తెలీదు. చస్తే తెలుసుకున్న ఫలితం ఏమిటి? ఈ ఏడు, వచ్చే ఏడు అంటూ వాయిదా వేసింది. ఇంతలో ఓరెస్ట్ మోకాళ్ళు పనికిరాకుండా పోయాయి. ఇల్లమ్మి యార్క్‌టన్‌లో మెట్లెక్కక్కర్లేని చిన్న ఫ్లాటుకి మారాల్సొచ్చింది. ఫ్లాటుకి మట్టి లేదు. ఇక వాయిదా వెయ్యడానికి చోటు లేదు. మే నెలలో మొక్కని వేళ్ళతో సహా పెకిలించి గుట్టెక్కి తల్లి తలాపున పాతిపెట్టింది.

శ్మశానం చూసుకునేది నెస్తోర్. తెక్లా కొడుకుకి జ్ఞానస్నానంలో తండ్రి స్థానంలో నిలబడ్డవాడు. ఆ వరసలో ఆయన ఆవిడని 'కూమా' అంటాడు, ఆవిడ ఆయన్ని 'కూమ్' అంటుంది. ఒకళ్ళనొకళ్ళు ఎన్ని మాటలన్నా చెల్లిపోయే వరస అది. పెళ్ళాం పోయాక నెస్తోర్‌కి ఆ గుట్టే ఇల్లు. సమాధుల మధ్య గడ్డి కోస్తూ, వంగిన సిలువలు నిలబెడుతూ, పోయినవాళ్ళ మీద ఇంకా కోపం తీరని సంగతులు వాళ్ళకే చెబుతూ తిరుగుతుంటాడు.

ఆ చలికాలం తెక్లా ఫ్లాటు కిటికీ దగ్గర కూచుని థర్మామీటరు చూడటంతో సరిపోయింది. చలి మామూలు చలి కాదు, మేకులు పగిలే చలి. "అయిపోయింది," అని రోజూ అనేది. "అయిపోతే అయిపోనీ, తెలుస్తుందిగా," అని మళ్ళీ తనే అనేది.

ఈస్టరు అయ్యాక సమాధుల పండగ వచ్చింది. గుట్ట నిండా జనం. సమాధుల మీద తెల్ల గుడ్డలు పరిచి, పాస్కా అనే పండగ రొట్టెలు, రంగేసిన గుడ్లు పెట్టారు. ఫాదర్ ఒక్కో సమాధి దగ్గరా పాట పాడుతున్నాడు. తెక్లా గుండె చిక్కబట్టుకుని తల్లి దగ్గరికి నడిచింది. గులాబీ ఈ చివరినించి ఆ చివరిదాకా పచ్చగా, చిగుళ్ళేసి ఉంది.

ఆవిడ అరిచిన అరుపుకి ఫాదర్ పాటాపేశాడు. జనం మూగారు. చప్పట్లు కొట్టారు. ఎవరో ఫ్లాస్కు మూతలో వోడ్కా పోసి చేతికిచ్చారు. ఓరెస్ట్ చంకల కింది కర్రలు వదిలేసి పెళ్ళాన్ని కావలించుకోబోయి పడబోయాడు. తెక్లా ఒకపక్క నవ్వుతూ ఇంకోపక్క ఏడుస్తూ ఉంటే, నెస్తోర్ తోసుకుంటూ ముందుకొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"ఎలా కాపాడాను కూమా? దారి ఊడ్చినప్పుడల్లా మంచంతా దీని మీదే పోశాను. గాలి లాక్కుపోకుండా స్ప్రూస్ కొమ్మలు పరిచి రాళ్ళు పెట్టాను. పైన మా ఆవిడ గొర్రెతోలు కూడా కప్పాను. నిన్ననే తీశా."

తెక్లా చేతిలోని వోడ్కా కింద పడిపోయింది.

"నువ్వా?" అంది. "నువ్వు కప్పావా?"

"కప్పనా మరి? ప్రాణమున్నదాన్ని ఆ చలిలో దిసమొలతో నిలబెట్టి పోతావా నువ్వు! ఎంత రాతిగుండె నీది?"

"ఒరే ముసలి గాడిదా! ఎవడు కప్పమన్నాడ్రా నిన్ను? కప్పితే ఇంకేం తెలుస్తుంది నాకు? ఇది బతికిందా, నీ గొర్రెతోలు బతికించిందా? చెప్పు! ఫాదర్‌నడిగి చెప్పు! మా అమ్మనడిగి చెప్పు!"

"బతికిందిగా, దేనివల్లయితే ఏం?"

"అదే కావాలి నాకు, దేనివల్లో! జీవితమంతా అదే అడుగుతున్నా!"

ఊరందరి ముందూ తిట్టింది. ఓరెస్ట్ సర్దబోతే ఆయన్నీ తిట్టింది, ఎన్నేళ్ళనాటి సారా జాడీయో మళ్ళీ తవ్వి మరీ. నెస్తోర్ మొహం మాడ్చుకుని గడ్డికోత మిషను దగ్గరికి వెళ్ళిపోయాడు. బతికినందుకు తిట్లు తెచ్చిపెట్టిన గులాబీ ప్రపంచంలో అదొక్కటే అయ్యుంటుంది.

ఆ వేసవిలో అది పూసింది, సమాధి రాయి మీదికి వంగి మరీ పూసింది. తెక్లా వచ్చి చూసి, "బావుంది," అని ముక్తసరిగా అని వెళ్ళిపోయింది. సంతోషం సగం లోపలే ఆగిపోయింది మనిషికి. శరదృతువులో మళ్ళీ వచ్చి నెస్తోర్‌ని గుడి తలుపు దగ్గర నిలబెట్టింది.

"కూమ్, ఆ రోజు నోరు జారాను. తప్పే. కానీ ఈ ఏడు దాని మీద గరిటెడు మంచు కూడా పొయ్యకు. నువ్వూ ముట్టుకోకూడదు, ఇంకెవర్నీ దగ్గరికి రానివ్వకూడదు. సిలువ మీద చెయ్యేసి చెప్పు."

నెస్తోర్ గుట్టకేసి చూశాడు. "చస్తే?"

"చస్తే చచ్చిందని తెలుస్తుంది. మా అమ్మకి గడ్డే గతి. చెయ్యెయ్యి."

ఆయన సణుక్కుంటూ చెయ్యేశాడు.

జనవరి చివర్లో ఒక తెల్లవారు తెక్లా లేచేసరికి కిటికీ అద్దం లోపలివైపు కూడా మంచు పేరుకుంది. రేడియోలో బళ్ళు బయటకి తియ్యొద్దని చెబుతున్నారు. గాలి మోత ఫ్లాటులోకి వినిపిస్తోంది. ఆవిడ కాఫీ పోసుకుని తాగలేదు. ఓరెస్ట్ పత్రిక మడిచి పెళ్ళాం మొహం చూశాడు.

"ఇంజను గడ్డకట్టకుండా కారుకి రాత్రే ప్లగ్గు పెట్టి ఉంచాను," అన్నాడు.

అంతే, కోటేసుకుంది. తల్లి నాటి గొర్రెతోలు బీరువాలోంచి లాగి వెనక సీట్లో పడేసి బయల్దేరింది. దారిపొడుగునా తనలో తను వాదించుకుంటూనే ఉంది. ఒక్క చలికాలం. ఈ ఒక్కదానికి కప్పితే వచ్చే ఏడు మళ్ళీ చూసుకోవచ్చు. ఉన్నది ఒక్కటే. ఒక్కదాన్ని చంపి తెలుసుకునేదేముంది? ఎవరడిగారు తెలుసుకోమని?

గుట్ట కింద గేటుకి అడ్డంగా నెస్తోర్ ట్రక్కు ఆగి ఉంది. ఇంజను నడుస్తోంది. నెస్తోర్ అద్దం రెండు వేళ్ళంత దించాడు.

"ఎక్కడికి కూమా?"

"అమ్మ దగ్గరికి."

"ఆ వెనక తోలు దేనికి? మీ అమ్మకి చలేస్తోందా?"

"పక్కకి తియ్యి బండి."

"తియ్యను. ఎవర్నీ దగ్గరికి రానివ్వొద్దన్నావు. చెయ్యేయించుకున్నావు."

"నన్ను కాదు!"

"నిన్ను తప్ప అని సిలువ దగ్గర అనలేదే నువ్వు."

"నా మొక్క అది నెస్తోర్!" వరస కూడా మర్చిపోయింది. "నా జీవితమంతా పెట్టి తెచ్చిన మొక్క."

"నీదే. ఎవరు కాదన్నారు? మరి ఇవాళ నువ్వు కప్పితే, వసంతంలో అది పచ్చగా ఉంటే ఎవర్ని తిడతావు? నన్నైతే తిట్టడానికి నువ్వున్నావు. నిన్ను తిట్టడానికి ఎవరున్నారు?"

తెక్లా ఏడ్చింది. ఏడిస్తే రెప్పలు అతుక్కుపోయే చలి అది. నెస్తోర్ తలుపు తీసి, "లోపల కూర్చుని ఏడు. బయటేడిస్తే కళ్ళు పోతాయి," అన్నాడు. ఎక్కి కూచుంది. అప్పుడు చూసింది, ట్రక్కు వెనక స్ప్రూస్ కొమ్మలు మోపు కట్టి ఉన్నాయి.

"అవేంటి?"

నెస్తోర్ గొంతు సవరించుకున్నాడు. "పొద్దున్నే కొట్టా. తెచ్చి ఇక్కడదాకా వచ్చి ఆగిపోయా. చెయ్యేశానుగా."

"మరి ఇంటికి పోక ఇక్కడేం చేస్తున్నావు?"

"ఇంటికి పోతే మళ్ళీ వస్తానని. నన్ను నేనే కాపలా కాస్తున్నా."

ఆవిడకి నవ్వొచ్చింది. ఫ్లాస్కులో టీ ఉంటే ఇద్దరూ పంచుకు తాగారు. గుట్ట మీద పరాస్కా రాయి పక్కన ఎర్రటి పుల్లలు గాలికి అల్లల్లాడుతున్నాయి. చుట్టూ మంచు లేదు, గడ్డి పరకలే.

"నెప్పి తెలుస్తుందా దానికి?" అంది తెక్లా.

"నువ్వేగా అన్నావు, నిద్దరోతుందని."

"అన్నాను. నిజమో కాదో దానికే తెలియాలి."

చీకటి పడబోతుండగా, మా దగ్గర జనవరిలో పగలు ఎంతోసేపు ఉండదు గనక, ముందు ఆవిడ కారు, వెనక ఆయన ట్రక్కు ఊళ్ళోకి తిరిగొచ్చాయి. స్ప్రూస్ కొమ్మలు నెస్తోర్ పొయ్యిలోకి పోయాయి.

మళ్ళీ సమాధుల పండగ వచ్చేసరికి పొద నల్లగా ఉంది. చిగురు లేదు. ఈసారి జనం దూరంగా నిలబడ్డారు, పలకరించడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. గోటితో బెరడు గీకితే తెలుస్తుంది, లోపల పచ్చగా ఉంటే ప్రాణమున్నట్టు. తెక్లా వంగి, కొమ్మ పట్టుకుని, వదిలేసింది.

"నువ్వు గీకు కూమ్."

"నేనా? చచ్చినా గీకను. మళ్ళీ ముట్టుకున్నానంటావు."

"అనను. గీకు."

"నువ్వు కన్న బిడ్డ, నువ్వే చూసుకో."

ఇద్దరూ పోట్లాడుకుంటుంటే ఫాదర్ పాట ముగించి ఎదురుచూస్తున్నాడు. చివరికి తెక్లా కళ్ళజోడు సర్దుకుని కొమ్మ చివర గోరు పెట్టింది. గోధుమరంగు. కాస్త కిందికి. గోధుమరంగే. ఇంకాస్త కిందికి. జానెడు దిగాక గోటి కింద తడిగా, లేతాకుపచ్చ కనిపించింది. ఇంకో కొమ్మ గీకింది, ఇంకోటి. అన్నిటిదీ అదే వరస. పైన జానెడు చచ్చింది. కిందంతా బతికే ఉంది.

"పైన జానెడూ చలికాలం తీసుకుంది," అంది మెల్లిగా. "మిగతాదంతా ఇది తనకి తనే దక్కించుకుంది."

"అంటే బతికినట్టేనా?" అన్నాడు నెస్తోర్ భయం భయంగా. "ఈసారి దేనివల్లో తేలిందా?"

తెక్లా జవాబు చెప్పకుండా ఆయన మెడ చుట్టూ చేతులేసి రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకుంది. ఓరెస్ట్ కర్రతో నేల మీద కొట్టి, "ఏయ్, ఏయ్, నేనింకా బతికే ఉన్నా," అన్నాడు. జనం అప్పుడు గానీ నవ్వలేదు.

జూలైలో పూత రోజులు లెక్కచూసుకుని బయల్దేరదామనుకుంటే ఓరెస్ట్ మోకాలికి ఆపరేషన్ ఖాయమైంది. ఆస్పత్రి, ఇల్లు, మందులు. తీరుబడి దొరికి గుట్టెక్కేసరికి పొద నిండా ఆకులు, చివర్లలో పిందెలు. పూలు లేవు. రాయి మీదా, చుట్టూ గడ్డిలోనూ రేకులు పరుచుకుని ఉన్నాయి, అంచులు అప్పుడే ముడుచుకుంటున్నాయి. వాసన మాత్రం ఇంకా ఉంది.

తెక్లాకి మండిపోయింది. గడ్డి మోపులు ఎత్తుతున్న నెస్తోర్ దగ్గరికి పొలంలోకే నడిచి వెళ్ళింది.

"ఎలా పూసింది? ఎన్ని పూసింది? రంగు తేలిందా, ముదిరిందా?"

నెస్తోర్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "గడ్డి కోతలు కూమా. వానొస్తుందని తొందర. పది పదిహేను రోజులై గుట్ట మొహం చూళ్ళేదు."

"ఫాదరో?"

"సెలవులో ఉన్నాడు."

"ఇంతమంది ఉండి ఒక్కరంటే ఒక్కరు చూళ్ళేదా?"

"ఎవరూ చూళ్ళేదు."

ఇంకా ఏదో అనబోయి తెక్లా ఆగిపోయింది. ఎవరూ కప్పక్కర్లేనిది పెట్టమన్న అమ్మ మాట గుర్తొచ్చింది. తరవాత వెనక్కి తిరిగి మళ్ళీ గుట్టెక్కింది. తల్లి రాయికి ఆనుకుని గడ్డిలో కూచుని, ఒళ్ళో పడ్డ రేకుల్ని దులుపుకోకుండా, గుట్ట కింద నెస్తోర్‌కి వినపడేంత గట్టిగా నవ్వింది.